నల్లగుడ్డ కింద ఆదివారం

పొద్దున ఏడున్నరకే టెలిస్కోప్ డాబా మీద పెట్టేశాను. కాస్త ఆలస్యమైతే డాబా వేడెక్కుతుంది. ఇక అంతే, సూర్యుడి అంచు నీళ్లలో నీడలా వణుకుతూనే ఉంటుంది. గురి చూసుకునే చిన్న దుర్బిణి, అదే ఫైండర్, ఎప్పుడో పీకి దాచేశాను. ఫిల్టర్ లేని గాజు దేన్నీ సూర్యుడి వైపు తిప్పకూడదని నా పట్టుదల. గురి కోసం గొట్టం నీడ చూస్తే చాలు. అది చిన్నగా, గుండ్రంగా ముడుచుకుంటే సూర్యుడు దొరికినట్టే.

నాది 40 మి.మీ. హెచ్-ఆల్ఫా టెలిస్కోప్. హైడ్రోజన్ వెలిగే ఎరుపుని, 656.28 నానోమీటర్ల దగ్గర, ఒక ఆంగ్‌స్ట్రామ్ (నానోమీటరులో పదో వంతు) కంటే సన్నటి పట్టీగా మాత్రమే లోపలికి రానిస్తుంది. ప్రామినెన్సులు, అంటే సూర్యుడి అంచు మీంచి పైకి లేచిన వాయువు తెరలు, బాగా కనిపించేది ఆ ఎరుపులోనే. మామూలు తెల్లకాంతి ఫిల్టర్‌లో అయితే మచ్చలతోనే సరిపెట్టుకోవాలి.

తల మీద నల్లగుడ్డ కప్పుకుని ట్యూనింగ్ రింగ్ మెల్లగా తిప్పాను. ఎడమ అంచున ఒక ప్రామినెన్స్ తేలింది. ముళ్లకంచెలా మూడు కాళ్లు, పైన ఒకదానికొకటి అల్లుకున్న కొమ్మలు, నడుమ ఒక ఖాళీ. కుడి కొసన తెగిపోయిన దారప్పోగు ఒకటి గాల్లో ఆగినట్టుంది. ఎత్తు సూర్యుడి వ్యాసంలో ఇరవయ్యో వంతు ఉంటుందేమో, అంటే భూమి మీద భూమి పెడుతూ పోతే అయిదు పట్టాలి. చీకట్లోనే నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీసుకున్నాను.

చూస్తే మంటలా ఉంటుంది గాని అక్కడ మండేదేమీ లేదు. చుట్టూ పది లక్షల డిగ్రీలు దాటిన కరోనా (సూర్యుడి బయటి వాతావరణం), మధ్యలో సుమారు పదివేల డిగ్రీల ఈ 'చల్లని' వాయువు. కింద పడిపోకుండా పట్టుకున్నది అయస్కాంత క్షేత్రం. ఇదే సూర్యబింబం మీదికి వచ్చినప్పుడు నల్లటి గీతలా కనిపిస్తుంది. అప్పుడు దాన్ని ఫిలమెంట్ అంటాం.

తర్వాత కెమెరా తగిలించాను. రెండేసి వేల ఫ్రేముల వీడియోలు, ఒకటి తర్వాత ఒకటి. నాలుగు అయ్యాక గాని చూసుకోలేదు, ఎక్స్‌పోజర్ బింబానికి పెట్టిందే ఉండిపోయింది! బింబం బ్రహ్మాండంగా వచ్చింది, అంచు బయట కటిక చీకటి. ప్రామినెన్స్ కావాలంటే బింబం తెల్లగా కాలిపోయినా సరే అనుకోవాలి. ఇన్నేళ్లయినా చేయి దానంతటది ఆ పని చేయదు.

మళ్లీ మొదలుపెట్టేసరికి నలభై నిమిషాలు గడిచాయి. దారప్పోగు లేదు. మూడు కాళ్లలో రెండు కలిసిపోయి ఆర్చిలా వంగాయి. కన్నార్పకుండా చూస్తే కదలదు, పక్కకి తిరిగితే మారిపోతుంది.

1868 ఆగస్టు 18న ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో సంపూర్ణ గ్రహణం చూశాడు. ప్రామినెన్సుల కాంతిరేఖలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి దొరుకుతాయి అనిపించింది ఆయనకి. మర్నాడు కాంతిని రంగులుగా విడగొట్టే స్పెక్ట్రోస్కోప్ పెట్టి చూస్తే నిజంగానే దొరికాయి. అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త కూడా విడిగా అదే సాధించాడు. నాకు మాత్రం గ్రహణం కంటే గుంటూరులోని ఆ మర్నాడంటేనే ఇష్టం.

సాయంత్రం బాగున్న పది శాతం ఫ్రేములు స్టాక్ చేశాను, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే బొమ్మ చేశాను. ఆర్చి వచ్చింది, దాని పక్కనే సెన్సర్ మీది దుమ్ము కూడా వచ్చింది. పొద్దుటి ముళ్లకంచె మాత్రం పెన్సిల్ బొమ్మలోనే ఉంది. గుడ్డ కింద తడుముకుంటూ గీసిందేమో, ఒక కాలు పేజీ దాటి పక్క పేజీలోకి వెళ్లిపోయింది.