శనివారం, నాలుగు పరీక్షలు

2020 అక్టోబరు 10, శనివారం

పొద్దున ఎనిమిదిన్నరకే జూమ్ గది తెరిచాం. మొదటి అభ్యర్థి తొమ్మిదికి. పరీక్షకులం నలుగురం. నిబంధన అడిగేది ముగ్గురినే. అమెరికాలో హామ్ (సరదాకి సొంతంగా నడుపుకునే రేడియో) లైసెన్సు పరీక్ష ఏదైనా కనీసం ముగ్గురు వాలంటీర్ ఎగ్జామినర్లు జరపాలి, మొదటి నుంచి చివరిదాకా ముగ్గురూ అభ్యర్థిని చూస్తూనే ఉండాలి. సరిగ్గా ముగ్గురే కూర్చున్న రోజున ఒకరింట్లో నెట్ పోతే పరీక్ష అక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకే నాలుగో మనిషి.

ఆ ముగ్గురూ అదే గదిలో ఉండి తీరాలని ఈ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ అనడం లేదు. ఆడియో, వీడియో ద్వారా దూరం నుంచి పరీక్ష పెట్టొచ్చని 2014లోనే ఒప్పుకుంది. అలాస్కాలో ఒక క్లబ్బు అప్పట్నుంచీ అలాగే పెడుతోంది. మిగతా రాష్ట్రాల్లో చర్చి హాళ్ళు, లైబ్రరీ గదులు దొరికినన్నాళ్ళు దాని అవసరం పెద్దగా ఎవరికీ పడలేదు. ఈ మార్చిలో కోవిడ్‌తో అవన్నీ మూతపడ్డాయి. ఏప్రిల్ 30న ఎఫ్‌సీసీ మళ్ళీ స్పష్టం చేసింది: పరీక్షల్ని సమన్వయం చేసే 14 సంస్థలూ ముందస్తు అనుమతి లేకుండానే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు.

ఇవాళ తొమ్మిది గంటల అభ్యర్థి అరిజోనా నుంచి. అక్కడ ఎండాకాలంలో గడియారం మార్చరు కాబట్టి అక్టోబరులో వాళ్ళ టైమూ కాలిఫోర్నియా టైమూ ఒకటే. ఆయన ఒక గంట తేడా ఉందనుకుని పదికి వచ్చారు. ఇకనుంచి పిలుపులో మా టైముతో పాటు అభ్యర్థి ఊరి టైము కూడా రాయాలి.

పదిన్నర అభ్యర్థి తెలుగావిడ. మనవాళ్ళతో పేరు దగ్గరే చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్ళి, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. డ్రైవింగ్ లైసెన్సులోనూ అదే దిగుతుంది. పరీక్షకు ముందు ఎఫ్‌సీసీ దగ్గర తీసుకోవాల్సిన ఎఫ్ఆర్ఎన్ అనే నమోదు నంబరుకు మాత్రం చాలామంది ఇంట్లో పిలిచే వరుసలో పేరు రాసేస్తారు. రెండూ కలవకపోతే పాసైనా దరఖాస్తు వెనక్కి రావచ్చు. అందుకే పరీక్షకు వారం ముందే ఎఫ్ఆర్ఎన్ పేజీ తెరిచి, ఐడీ కార్డు పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం పోల్చుకోమని అడుగుతాం. తేడా ఉంటే ఎఫ్‌సీసీ ఖాతాలో దిద్దుకున్నాకే పరీక్ష. పౌరసత్వం, గ్రీన్‌కార్డు ఏవీ అక్కర్లేదు. అమెరికాలో ఉత్తరం అందే చిరునామా ఉండాలి, వేరే దేశ ప్రభుత్వానికి ప్రతినిధి కాకూడదు, అంతే. హెచ్1 మీదున్నవాళ్ళు ఇది తెలియక ఏళ్ళ తరబడి ఆగిపోతున్నారు. అది చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది.

ఆవిడ కార్డు చూపించినప్పుడు మాకు కనబడింది తెల్లటి మెరుపు ఒక్కటే. లామినేషన్ మీద స్క్రీన్ వెలుగు పడుతోంది. దగ్గరకు తెచ్చారు, అక్షరాలు అలుక్కుపోయాయి. లాప్‌టాప్ కెమెరాల్లో చాలావాటికి ఫోకస్ మారదు, జానెడు దూరంలో పెడితే మసకే.

"కొంచెం వెనక్కి జరపండి అమ్మా, మూరెడు దూరంలో. పై అంచు మీ వైపు కాస్త వాల్చండి."

"అక్షరాలు తిరగబడి ఉన్నాయండీ, తిప్పి పట్టుకోమంటారా?"

"వద్దండి. మీ స్క్రీన్ మీద మాత్రమే అద్దంలో లాగా కనబడుతుంది, మాకు సరిగ్గానే ఉంది."

ఈ మాటలు ప్రతి శనివారం రెండు మూడుసార్లయినా నడుస్తాయి. జూమ్‌లో వెనక నకిలీ దృశ్యం పెట్టుకున్నవాళ్ళయితే కార్డు ఎత్తగానే అది ఆ దృశ్యంలో కలిసి మాయమైపోతుంది. అది తీసేయమని మొట్టమొదటే చెప్పాలి. గది కూడా దాని వెనకే దాక్కుంటుంది కదా.

మా జట్టు పద్ధతిలో అభ్యర్థికి రెండు కెమెరాలు. లాప్‌టాప్ ముఖాన్ని చూపిస్తుంది, స్క్రీన్ మాతో షేర్ అయి ఉంటుంది. ఫోను పక్కనుంచి, కాస్త వెనగ్గా, భుజం ఎత్తులో నిలబడాలి. చేతులు, కీబోర్డు, స్క్రీన్ మూడూ అందులో పడాలి. స్టాండు లేకపోతే నాలుగు లావుపాటి పుస్తకాలు, ఒక కాఫీ కప్పు చాలు. ఫోను జూమ్‌లోకి వచ్చేటప్పుడు ఆడియోకి ఒప్పుకోకూడదు. ఒకే గదిలో రెండు మైకులు, రెండు స్పీకర్లు తెరుచుకుంటే కూత మొదలవుతుంది. రేడియో నేర్చుకునేవాళ్ళకు ఫీడ్‌బ్యాక్ అంటే ఏంటో అక్కడే అర్థమైపోతుంది. ఫోనుకి చార్జరు తగిలించే ఉంచాలి. రెండు వీడియోలు, ఒక స్క్రీన్ షేర్ కలిసి పైకి వెళ్తాయి కాబట్టి అప్‌లోడ్ రెండు మెగాబిట్లకు తగ్గితే చిత్రం గడ్డకడుతుంది. లాప్‌టాప్‌ని రౌటరుకి కేబుల్‌తో కలిపి, వైఫైని ఫోనుకొక్కదానికే వదిలితే సగం ఇబ్బంది తీరుతుంది.

గది తనిఖీకి ఐదు నిమిషాలు. లాప్‌టాప్ ఎత్తి నాలుగు గోడలు, పైకప్పు, బల్ల కింద, మానిటర్ వెనక నిదానంగా చూపించాలి. గబగబా తిప్పితే ఏమీ ఆనదు. రెండో మానిటర్ ఉంటే కేబుల్ పీకి, మీద తువాలు కప్పించాం. వాచీ తీసి, చేతులు మోచేతుల దాకా చూపించి, జుట్టు పక్కకు తీసి చెవులు చూపించాలి. తెల్ల కాగితం ఒకటి, రెండు వైపులా చూపించి. క్యాలిక్యులేటరు మామూలుది, మెమరీ చెరిపినది. ఇవాళ ఒకాయన దగ్గర విడి క్యాలిక్యులేటరే లేదు, ఫోన్లో ఉందిలే అనుకున్నారు. ఆ ఫోను మా కెమెరా. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది కాబట్టి మొదటి మెట్టు లైసెన్సయిన టెక్నీషియన్ పేపరు కాగితం మీద చేసుకోవచ్చు. అన్నిటికన్నా పై మెట్టు ఎక్స్‌ట్రాలో వర్గమూలాలు ఉంటాయి, అక్కడ క్యాలిక్యులేటరు లేకపోతే నరకమే.

పరీక్ష చిన్నది. టెక్నీషియన్‌కి 35 ప్రశ్నలు, 26 సరైతే పాస్. మధ్య మెట్టు జనరల్‌కీ అంతే. ఎక్స్‌ట్రాకి 50లో 37. ప్రశ్నల బ్యాంకంతా అందరికీ అందుబాటులోనే ఉంది.

కష్టమంతా చూడడంలోనే. ఆలోచిస్తూ కళ్ళు పైకప్పు మీదికి పోతే అది మనిషి స్వభావం. ఒకే మూలకి, ఒకే కోణంలో, ప్రతి ప్రశ్నకీ పోతుంటే ఆపి ఆ మూల చూపించమంటాం. పెదవులు కదపడం చాలామందికి అలవాటు, కానీ ప్రశ్న బయటికి చదవకూడదు, గోడవతల ఎవరున్నారో మాకు తెలియదు. మైకు ఎప్పుడూ తెరిచే ఉండాలి. మూడో అభ్యర్థికి 19వ ప్రశ్న దగ్గర నెట్ పోయి నాలుగు నిమిషాలకు తిరిగొచ్చింది. ఆ నాలుగు నిమిషాలూ ఆయన్ని ఎవరం చూడలేదు. కాబట్టి ఆ పేపరు రద్దు, గది తనిఖీ మొదటి నుంచి, ప్రశ్నలు కొత్త సెట్. ఆయనకు బాధగానే ఉంటుంది. అయినా ఇందులో మెత్తబడితే మిగతా అందరి లైసెన్సుల మీదా అనుమానం మిగులుతుంది.

బంధువుల సంగతి కూడా రాసుకోవాలి. భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, తాతలు, మనవలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిన్ని బాబాయిలు, మేనల్లుళ్ళు, అత్తింటివాళ్ళు, వీళ్ళలో ఎవరికీ మనం పరీక్ష పెట్టకూడదు. పెదనాన్న కొడుకు ఆ జాబితాలో లేడు. మనకి మాత్రం ఆయన అన్నయ్యే. అలాంటప్పుడు కూడా తప్పుకుని నాలుగో మనిషిని కూర్చోబెట్టడమే మంచిది.

ఒక్కొక్కరికి ముప్పావు గంట. హాల్లో అయితే ఇదే ముగ్గురం ఒకేసారి ఇరవై మందిని కూర్చోబెట్టేవాళ్ళం. ఆ లెక్కన ఇది చాలా ఖరీదైన పద్ధతే. కానీ ఇవాళ నాలుగో అభ్యర్థి ఆక్సిజన్ గొట్టంతో కూర్చున్నారు. హాలు తెరిచి ఉన్న రోజుల్లో కూడా ఆయన రాగలిగేవారు కాదు. 35లో 33 వచ్చాయి. చిత్తు కాగితాన్ని కెమెరా ముందు నాలుగు ముక్కలు చేశారు.

ముగ్గురి సంతకాలూ పడ్డాయని చూసుకుని సాయంత్రం ఫైలు పంపాం. సోమవారం కొలంబస్ డే సెలవు, కాబట్టి ఎఫ్‌సీసీ వైపు పని మొదలయ్యేది మంగళవారమే. కొత్తవాళ్ళు తమ కాల్ సైన్ (రేడియోలో చెప్పుకునే గుర్తింపు అక్షరాలు) ఎఫ్‌సీసీ డేటాబేస్‌లో కనబడేదాకా పీటీటీ, అంటే రేడియోలో మాట్లాడే మీట, నొక్కకూడదు. టెక్నీషియన్ నుంచి జనరల్‌కి ఎదిగినావిడకి ఆ ఆగడం లేదు. పాసైన పత్రం చేతిలో ఉంది కనుక, పాత కాల్ సైన్ చివర, జనరల్ పాసయ్యానని తెలిపే ఏజీ చేర్చి, ఈ రాత్రికే 20 మీటర్ల బ్యాండులో మాటలకు కేటాయించిన భాగం మీద మాట్లాడొచ్చు.