పట్టీలు, పొట్టు, పక్కింటన్న

పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు. మా ఆయన ముందు గది దర్వాజకు బీడింగ్ పట్టీలు, అంటే చౌకట్ చుట్టూ కొట్టే కర్ర పట్టీలు, తనే చేస్తానని కూర్చున్నారు. ఎండలకు కర్ర కుంచించుకుంటుంది, వానలకు ఉబ్బుతుంది, సిమెంటేమో కదలదు, అందుకే చౌకట్‌కూ గోడకూ మధ్య ఎన్నిసార్లు పుట్టీ పెట్టినా మళ్ళీ అదే పగులు. దాని మీద పట్టీ కొట్టాల్సిందే.

టింబర్ డిపోలో రెండున్నర అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం కోయించి తెచ్చారు. 7 అడుగులవి రెండు, పైకి మూడున్నర అడుగులది ఒకటి. వాటిని నున్నగా చేయడానికి పొద్దంతా రందా. నా వడియాల మీద పొట్టు. దానికే కోపం రావాలి నిజానికి.

కానీ వచ్చింది పక్కింటన్న మీద. గేటు దగ్గర నిలబడి, "రెడీమేడ్ దొరుకుతయి కదా చెల్లె, గింత కష్టపడితే ఎంత మిగుల్తది?" అన్నాడు. ఆదివారమంతా క్రికెట్ చూసినాయనను ఎంత మిగిలిందని ఎవరైనా అడిగారా? వంట చేస్తుంటే కూడా అదే ఆలోచన, పప్పులో ఉప్పు వేశానో లేదో అత్తమ్మే చెప్పాలి.

మా తల్లిగారింట్లో దర్వాజ ఎత్తిన రోజు గుర్తొచ్చింది. పరకాల దగ్గర ఊరు, ఇంకా తెల్లవారలేదు. పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, కింద గుంటలో నవధాన్యాలు, రూపాయి బిళ్ళ నాతో వేయించారు. వడ్ల తాత, అంటే మా ఊరి వడ్రంగి, దారానికి గుండు కట్టి వేలాడదీసి, ఒక కన్ను మూసి చూస్తూనే ఉన్నాడు, ముహూర్తం దాటిపోతోందని అయ్యగారు తొందరపెడుతుంటే "గోడకు వంకొచ్చినా నడుస్తది, దర్వాజకు వంక రావద్దు" అన్నాడు. నాన్న ఆయనకు కొత్త ధోతి పెట్టాడు. ఆ దర్వాజకు పట్టీలూ లేవు, ఏమీ లేవు. మనవన్నీ పగుళ్ళు కప్పుకునే పనులే అని రాద్దామనే ఇది మొదలుపెట్టాను.

ఇక్కడిదాకా టైపు చేశాక వేయిస్తంభాల గుడి గుర్తొచ్చింది. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించింది. వాకిళ్ళ చుట్టూ రాతిలో వరుస మీద వరుస చెక్కి ఉంటుంది. రాయి ఉబ్బదు, అక్కడ దాచడానికి పగులు లేదు, అయినా చెక్కారు! ఎంత మిగిలిందని అప్పుడు కూడా ఏ పక్కింటాయనో అడిగే ఉంటాడు. కాబట్టి ఆ కప్పుకునే మాట వెనక్కి తీసుకుంటున్నా.

మూలల్లో 45 డిగ్రీల కోతలు కలవలేదు, గోడే వంకర. చివరికి అడ్డపట్టీని నిలువు వాటి మీద అడ్డంగా కూర్చోబెట్టి, సన్న మేకులు కొట్టి, సందుల్లో పొట్టు, ఫెవికాల్ కలిపి నింపారు. బాగుంది. ఆయనకు ఇంకా చెప్పలేదు, చెబితే రేపు బాత్రూం తలుపు మొదలుపెడతారు. తడికి అక్కడ పీవీసీనే నయం అంటాను నేను, టేకే అంటారాయన.