బంధుమిత్రుల నుంచి పెట్టుబడి తీసుకునే ముందు

హైదరాబాద్‌లో స్టార్టప్ పెట్టే మన యువతలో చాలామందికి తొలి పెట్టుబడి వెంచర్ ఫండ్ల నుంచి కాక, బాబాయి పొలం అమ్మిన సొమ్ము నుంచో, అమెరికాలో స్థిరపడిన మిత్రుడి పొదుపు నుంచో వస్తుంది. పరిచయం ఉన్నదన్న ధీమాతో ఇక్కడే కాగితాలను నిర్లక్ష్యం చేస్తారు.

2013 కంపెనీల చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం, ప్రైవేటు కంపెనీ తన వాటాలను ముందుగా ఎంపిక చేసుకున్న వ్యక్తులకే, అర్హులైన పెట్టుబడి సంస్థలనూ స్టాక్ ఆప్షన్లు (కంపెనీ వాటాలు కొనే హక్కు) పొందే ఉద్యోగులనూ మినహాయించి ఏడాదికి 200 మందికి మించకుండా, బహిరంగ ప్రచారమేదీ లేకుండా ఇవ్వజూపాలి; దీన్నే ప్రైవేటు ప్లేస్‌మెంట్ అంటారు. కాబట్టి కాలనీ వాట్సాప్ గ్రూపులో ‘వాటాలు ఉన్నాయి’ అని పెట్టడం నా దృష్టిలో ప్రమాదకరమే.

నగదు తీసుకోకూడదు. అందిన సొమ్మును విడి బ్యాంకు ఖాతాలో ఉంచి, 60 రోజుల్లో వాటాలు కేటాయించాలి; లేకుంటే ఆ తర్వాతి 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, అదీ చేయకపోతే 60వ రోజు నుంచి 12 శాతం వడ్డీ కలపాలి. కేటాయింపు వివరాలను కంపెనీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేసేవరకూ అందులో ఒక్క రూపాయి కూడా వాడరాదు. జీతాల తేదీ ముంచుకొచ్చినప్పుడు వ్యవస్థాపకులు ఎక్కువగా తప్పేది ఈ నిబంధననే.

ప్రైవేటు ప్లేస్‌మెంట్ పేరుతో కోట్లమంది నుంచి సేకరించిన సొమ్మును 15 శాతం వడ్డీతో తిరిగి చెల్లించాలని రెండు సహారా కంపెనీలను సుప్రీంకోర్టు 2012 ఆగస్టులో ఆదేశించింది.

కన్వర్టిబుల్ నోటుకూ (ముందు అప్పుగా తీసుకుని, తర్వాత వాటాలుగా మార్చగల పత్రానికీ) హద్దు ఉంది: గుర్తింపు పొందిన స్టార్టప్ ఒక్కొక్కరి నుంచి ఒకే విడతలో కనీసం 25 లక్షలు తీసుకుంటేనే కంపెనీలు డిపాజిట్లు తీసుకోవడంపై ఉన్న నిబంధనల నుంచి ఆ నోటుకు మినహాయింపు వర్తిస్తుంది.