వెన్న వాసనకు వంక

“బాగుంది అంటే నాకేం లాభం? లోపం చెప్పు” అన్నాడు మా మేనేజరు, గ్లాసు నా ముందుకు జరుపుతూ. ఆయన పోర్ట్‌లాండ్‌లో తన గ్యారేజీలో బీరు కాస్తాడు. ఇక్కడ అది నేరం కాదు. 1978లో అప్పటి అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం, ఇద్దరు పెద్దలున్న ఇంట్లో సొంతానికి ఏడాదికి 200 గాలన్లు కాచుకోవచ్చు.

ఆ రోజు నలుగురు చేరి గ్లాసులు వాసన చూస్తూ బీరులోని తప్పులు కాగితాల మీద రాస్తున్నారు. ఒక దాంట్లో గాయానికి వేసే ప్లాస్టరు వాసన. ఊరి కుళాయి నీళ్లలో క్రిములు చావడానికి కలిపే క్లోరమైన్ ఉంటుంది, అది మాల్టులోని (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) ఫినాల్స్ అనే పదార్థాలతో కలిస్తే అంతే, ఆ వాసన పుడుతుంది. మరిగించినా సులువుగా పోదు, క్యాంప్‌డెన్ మాత్ర నీళ్లలో వేసి ఆ క్లోరమైన్‌ను విరగ్గొట్టాలి. ఇంకో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. అచ్చం వెన్న వాసన! పైకే అన్నాను. నలుగురూ తలలూపి, అదే పెద్ద తప్పని రాసుకున్నారు.

అది డయాసిటైల్ అట. పులిసేటప్పుడు పుడుతుంది, ఆ తర్వాత ఈస్టే దాన్ని తినేస్తుంది. తొందరపడి చల్లబరిస్తే మిగిలిపోతుంది. 20 డిగ్రీల దగ్గర మరో రెండు మూడు రోజులు ఉంచితే సరి. కానీ మజ్జిగకు, వెన్నకు ఆ పరిమళం ఇచ్చేదీ అదే కదా! చెక్ దేశపు లాగర్ రకం బీర్లలో అది కొద్దిగా ఉన్నా ఎవరూ తప్పు పట్టరు. నా ముక్కుకు వచ్చిన లోటేమీ లేదు.

అసలు నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ “లోపం చెప్పు” అన్న మాట. పెట్టిన చేతికి వంక పెట్టే అలవాటు మనకు ఉందా? కూరలో ఉప్పెక్కువైతే ఇంకాస్త పెరుగు వేయమంటాం. వడ్డించే మనిషికి తెలిసిపోతుంది, మరుసటి రోజు ఉప్పు తగ్గుతుంది. ఆఫీసులో నేను రాసిన కోడును పదిమందిలో ఈయన ఇదే గొంతుతో చీల్చి చెండాడినప్పుడు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆయన మాత్రం మర్నాడు మామూలుగా కాఫీకి పిలిచాడు. తన బీరును తిట్టించుకున్నప్పుడూ ఆ ముఖం అలాగే ఉంది. ఆ సమదృష్టిని మెచ్చుకోకుండా ఉండలేను. అయినా మన పెరుగు పద్ధతిలో ఎవరి నిద్రా చెడదు.

మొన్న మళ్లీ పిలిచాడు. ఉడికించిన మొక్కజొన్న వాసన వస్తోందని చెప్పేశాను. మూత పెట్టి మరిగించడం వల్లే ఆ వాసన ఆవిరితో పోలేదని ఒప్పుకుని, సంబరంగా రాసుకున్నాడు. ఆయన భార్య పెట్టిన పాస్తాలో ఉప్పు లేదు. చాలా బాగుందన్నాను. ఆవిడ లోపం అడగలేదు కదా.