‘ఇంట్లో తెలుగు వల్లే ఆలస్యం’ అంటే అక్కడితో ఆగకండి

అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకు మాట ఆలస్యమైతే రెండు జవాబులు తరచూ వినిపిస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్తే ‘ఇంట్లో రెండు భాషలు కదా, ఇంకో ఆరు నెలలు చూద్దాం’ అంటారు. స్కూల్లో ‘ముందు ఇంగ్లీషు రానివ్వండి, లోపం ఉందేమో చూసే పరీక్షల సంగతి తర్వాత చూద్దాం’ అంటారు. మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఆటిజం, వినికిడి లోపం, భాషా లోపం ఉన్న బిడ్డకు ఆ ఆరు నెలలు తిరిగి రావు. రెండు భాషలు వినడం వల్ల భాషా లోపం రాదు. ఉన్న లోపం మాత్రం రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. తెలుగులో అది ఎలా కనిపిస్తోందో ఎదుటి నిపుణులకు తెలిసే దారి లేదు, వాళ్లకు తెలుగు రాదు. కాబట్టి ఇంట్లో మనం చూస్తున్నదాన్ని వాళ్ల ఫైల్లోకి ఎక్కించడం మన పనే.

మూడేళ్ల లోపు పిల్లలకు డాక్టరు రిఫరల్ కోసం ఎదురుచూడక్కర్లేదు. వైకల్యం ఉన్న పిల్లల కోసం ఉన్న కేంద్ర చట్టం ఐడియా. అందులోని పార్ట్ సి కింద ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్, అంటే పసిపిల్లలకు ముందుగానే సాయం అందించే ఏర్పాటు ఉంది. టెక్సస్‌లో దాన్ని ఈసీఐ అంటారు, కాలిఫోర్నియాలో ఎర్లీ స్టార్ట్. తల్లిదండ్రులే ఫోన్ చేసి బిడ్డ పేరు ఇవ్వొచ్చు. ఆ రోజు నుంచి 45 రోజుల్లో పరీక్షలు చేసి, అర్హత ఉంటే సేవల ప్రణాళిక రాసే మీటింగ్ కూడా పెట్టాలి. బిడ్డ బాగా వింటున్నట్టే అనిపించినా ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) దగ్గర పరీక్ష చేయించండి. పుట్టినప్పుడు పాసైన పరీక్ష రెండేళ్ల తర్వాతి వినికిడికి హామీ కాదు.

18, 24 నెలల విజిట్లలో ఆటిజం స్క్రీనింగ్ చేయాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. ఎక్కువమంది వాడేది ఎం-చాట్ అనే 20 ప్రశ్నల ఫారం. వెయిటింగ్ రూములో హడావిడిగా టిక్కులు పెట్టేస్తే అసలు విషయం జారిపోతుంది. ‘వేలితో చూపిస్తాడా?’ అని అడిగితే, మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఫ్రిజ్ మీద పెట్టడాన్ని ‘అవును’ కింద లెక్కేయకండి. అది వేలితో చూపించడం కాదు. ఎంత స్కోరు వచ్చిందో అడగండి. 3 నుంచి 7 వస్తే డాక్టరు మరికొన్ని ప్రశ్నలు అడిగి తేల్చుకోవాలి. 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆగకుండా పూర్తి పరీక్షకు పంపాలి.

మూడేళ్లు దాటాక బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, అంటే మన ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థది. భాష విషయంలో తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. వీలున్నంత వరకు బిడ్డ భాషలో, బిడ్డ సామర్థ్యం సరిగ్గా బయటపడే పద్ధతిలో పరీక్ష చేయాలని చట్టం చెబుతుంది. ఆచరణలో మాత్రం ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడే పిల్లల మీద తయారు చేసిన పరీక్ష పెట్టి, ఆ స్కోరే రాసేస్తారు. లేదంటే ఇంటర్‌ప్రెటర్ పక్కన కూర్చుని ప్రశ్నలను అప్పటికప్పుడు తెలుగులోకి మారుస్తారు. అలా మార్చిన పరీక్షకు మొదటి కొలమానం వర్తించదు, అందుకని ఆ స్కోరును ప్రామాణిక స్కోరుగా రాయకూడదు. దాని బదులు రెండు అడగండి. ఒకటి, తెలుగులో కనీసం పదిహేను నిమిషాలు ఆడుకుంటూ మాట్లాడించి తీసిన మాటల నమూనా. రెండోది, డైనమిక్ అసెస్‌మెంట్: ముందు పరీక్షించి, కొంచెం నేర్పించి, మళ్లీ పరీక్షిస్తారు. నేర్పితే త్వరగా అందుకునే బిడ్డకు ఇంగ్లీషు వినే అవకాశం చాలలేదని అర్థం. నేర్పినా అందుకోలేకపోతే లోపం ఉందేమోనని చూడాలి.

స్పీచ్ థెరపిస్టుకు తెలుగు గురించి ఒక పేజీ రాసి ఇస్తే చాలా మేలు జరుగుతుంది. తెలుగులో ఇంగ్లీషు ‘ఎ’, ‘ద’ లాంటి ఆర్టికల్స్ లేవు, కాబట్టి వాటిని వదిలేస్తే లోపం కాదు. ‘వి’కీ ‘డబ్ల్యూ’కీ మనకు తేడా లేదు. ‘అమ్మ వచ్చింది’, ‘కుక్క వచ్చింది’ రెంటికీ క్రియ ఒకేలా ముగుస్తుంది. ఇంగ్లీషులో ‘హీ’, ‘షీ’, ‘ఇట్’ కలగాపులగం చేయడానికి ఇది కూడా ఒక కారణం కావొచ్చు. ఇక ఏవి మామూలు కావో కూడా రాయండి. నాలుగేళ్లు దాటినా కి, లో, తో లాంటి ప్రత్యయాలు వదిలేసి ‘అమ్మ బడి వెళ్ళు’ అనడం మామూలు కాదు. తనకు దాహం వేసినప్పుడు మనం అడిగే మాటనే తిప్పి ‘నీళ్ళు కావాలా?’ అనడం, ‘నేను’ అనాల్సిన చోట ‘నువ్వు’ అనడం ప్రత్యేకంగా రాయాల్సినవి. ఇవి విన్న తేదీ, సందర్భం, బిడ్డ అన్న మాట యథాతథంగా, దాని అర్థం ఇంగ్లీషులో రాస్తే నిపుణులకు పనికొచ్చే ఆధారం అవుతుంది. ‘సరిగ్గా మాట్లాడడు’ అని రాస్తే దేనికీ పనికిరాదు.

అడ్మిషన్ ఫారంలో ఇంటి భాష తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీషు రాని పిల్లలకు ఇంగ్లీషు నేర్పే క్లాసులో) వేసి స్పెషల్ ఎడ్యుకేషన్ (వైకల్యం ఉన్న పిల్లలకు ఇచ్చే ప్రత్యేక బోధన) ఆపేస్తారని భయపడి, ఇంగ్లీషు అని రాసేవాళ్లు ఉన్నారు. అలా రాస్తే తెలుగులో పరీక్షించమని అడిగే హక్కును మనమే వదులుకున్నట్టు. అవసరమైన బిడ్డకు రెండు సేవలూ ఒకేసారి ఇవ్వాలి.

రోజువారీ పనుల గురించి వైన్‌ల్యాండ్ లాంటి ప్రశ్నావళులు ఇస్తారు. స్పూన్‌తో తింటాడా, తనంతట తాను బట్టలు వేసుకుంటాడా అని అడుగుతారు. మన ఇళ్లలో ఐదేళ్ల బిడ్డకు కూడా గోరుముద్దలు పెడతాం. అందుకని ‘తినడు’ అని రాస్తే చేతకాదని లెక్కేస్తారు. ‘మేం తినిపిస్తాం, అవకాశం ఇస్తే చేత్తో తింటాడు’ అని విడమరిచి చెప్పాలి. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగేది ఇంకా ప్రమాదం. ఎదుటివాళ్లు ఆప్యాయంగా ‘ఇంట్లో ఎలా ఉంటాడు?’ అంటే మర్యాద కొద్దీ ‘పర్లేదండీ, బాగానే ఉంటాడు’ అంటాం. రిపోర్టులో అది ‘తల్లిదండ్రులకు ఎలాంటి ఆందోళనా లేదు’ అయిపోతుంది. పగలంతా బిడ్డను చూసేది అమ్మమ్మో నాయనమ్మో అయితే ఆ ఇంటర్వ్యూ ఆవిడతో చేయమనండి. ఇంటర్‌ప్రెటర్ కావాలని అడిగేటప్పుడు తెలుగు అని స్పష్టంగా రాయండి, లేకపోతే హిందీ మాట్లాడేవాళ్లను పంపిస్తారు. ఇంట్లో పెద్ద పిల్లలను ఆ పనికి కూర్చోబెట్టొద్దు.

పరీక్షలు చేయమని టీచరుతో గుమ్మం దగ్గర చెప్పిన మాటకు గడువు ఉండదు. స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టరుకు ఈమెయిల్ పంపి ప్రిన్సిపల్‌ను కాపీలో పెట్టండి. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తరగతి, అనుమానం ఉన్న వైకల్యం, దానికి నాలుగైదు ఉదాహరణలు రాసి, ‘ఐడియా చట్టం కింద ఫుల్ అండ్ ఇండివిడ్యువల్ ఇనీషియల్ ఎవాల్యుయేషన్ కోరుతున్నాం’ అనే వాక్యం తప్పకుండా చేర్చండి. టెక్సస్‌లో 15 స్కూల్ దినాల్లో జవాబు రావాలి. పరీక్షలకు ఒప్పుకుంటూ మనం చేసిన సంతకం అందాక 45 స్కూల్ దినాల్లో రిపోర్టు ఇవ్వాలి. కాలిఫోర్నియాలో 15 రోజుల్లో అసెస్‌మెంట్ ప్లాన్ పంపాలి, సంతకం తర్వాత 60 రోజుల్లో మీటింగ్ జరగాలి. న్యూజెర్సీలో 20 రోజుల్లో మొదటి మీటింగ్, సంతకం నుంచి 90 రోజుల్లో పరీక్షలు ముగిసి, ఐఈపీ (బిడ్డకు ఏ ప్రత్యేక సేవలు ఇస్తారో చెప్పే ప్రణాళిక) రాసి, సేవలు మొదలవ్వాలి. టెక్సస్‌లో వేసవి సెలవులు లెక్కలోకి రావు, బిడ్డ మూడు రోజులు అంతకుమించి రాకపోతే గడువు ఆ మేరకు జరుగుతుంది. అంటే పరీక్షల మధ్యలో ఇండియా ప్రయాణం పెట్టుకుంటే గడియారం మన చేత్తో మనమే ఆపినట్టు.

‘ముందు రెస్పాన్స్ టు ఇంటర్వెన్షన్ (మామూలు క్లాసులోనే అదనపు సాయం ఇచ్చి ఫలితం చూసే పద్ధతి) పూర్తి కానివ్వండి’ అనే జవాబు రావొచ్చు. ఆ కారణంతో పరీక్షను ఆలస్యం చేయకూడదని అమెరికా కేంద్ర విద్యాశాఖ 2011 జనవరిలోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. స్కూలు ఒప్పుకోకపోతే కారణాలతో ‘ప్రయర్ రిటెన్ నోటీస్’ రాతపూర్వకంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. కారణాలు రాసి ఇవ్వాల్సి వచ్చినప్పుడు నిర్ణయం మారడం కూడా ఉంటుంది. ‘కాదు’ అన్న ప్రతిసారీ అది మన బిడ్డను చూసి చెప్పిన మాట కాకపోవచ్చు. టెక్సస్ విద్యాశాఖ 2004లో స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉండే పిల్లల వాటా 8.5 శాతం దాటకూడదన్నట్టు లక్ష్యం పెట్టింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది. 2018 జనవరిలో అది చట్టవిరుద్ధమని కేంద్రం తేల్చింది. అన్నేళ్లు ఎంతమంది తల్లిదండ్రులు తమ అనుమానమే తప్పనుకుని తిరిగి వెళ్లారో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

మన ఇళ్లలో ప్రత్యేకంగా వచ్చే చిక్కు మార్కులు. ‘పాసవుతున్నాడు కదా’ అంటారు. ఏ తరగతీ తప్పకుండా పైకి వెళ్తున్నా అర్హత ఉండొచ్చని చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ మార్కులు అమ్మ రోజూ రెండు గంటలు పక్కన కూర్చుంటే, ట్యూషన్‌కు పంపితే వచ్చినవైతే స్కూలుకు బిడ్డ కష్టం కనిపించదు. హోంవర్క్ కాగితం మీదే మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, ఎవరు ఏం సాయం చేశారో రాసి పంపండి. ‘ప్రశ్న నేను చదివాను, జవాబు తను చెప్పాడు, రాసింది నేను’ అన్న ఒక్క వాక్యం రాత సమస్యనూ చదివే సమస్యనూ ఒకేసారి చూపిస్తుంది.

డాక్టరు ఆటిజం అని రాసిచ్చినా ఐఈపీ దానంతట అది రాదు. చట్టంలోని 13 వర్గాల్లో ఒకదానికి బిడ్డ సరిపోవాలి, దాని వల్ల ప్రత్యేక బోధన అవసరమని తేలాలి. ఇండియాలో చేయించిన రిపోర్టులు, ఉదాహరణకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే జాతీయ సంస్థవి ఉంటే, ఇంగ్లీషు కాపీతో ఇవ్వండి. స్కూలు వాటిని పరిగణనలోకి తీసుకోవాలి, అలాగని ఒప్పుకుని తీరాలని లేదు. ప్రభుత్వ స్కూల్లో చదవడానికి వీసా స్థితి అడ్డు కాదని 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. స్పెషల్ ఎడ్యుకేషన్ కూడా ఆ చదువులో భాగమే.

ఐఈపీ రాసే మీటింగును టెక్సస్‌లో ఆర్డ్ అంటారు. రిపోర్టు కాపీ, ఐఈపీ డ్రాఫ్ట్ కొన్ని రోజుల ముందే ఇమ్మని రాయండి. ఐఈపీలోని ప్రతి లక్ష్యం పక్కన బిడ్డ ఇప్పుడు ఎక్కడున్నాడో ఒక అంకె, ఏడాదికి ఎక్కడికి చేరాలో ఒక అంకె ఉండాలి. సేవల దగ్గర ‘అవసరాన్ని బట్టి’ అని ఉంటే మార్పించండి. వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు, ఒంటరిగానా గుంపులోనా, క్లాసులోనా బయటా అన్నవి రాయకపోతే, రేపు సేవ జరగలేదని నిరూపించడం కష్టం. అక్కడికక్కడే సంతకం పెట్టాల్సిన పని లేదు.

స్కూలు చేసిన పరీక్షతో ఏకీభవించకపోతే, ఇండిపెండెంట్ ఎడ్యుకేషనల్ ఎవాల్యుయేషన్ స్కూలు ఖర్చుతో కావాలని రాయండి. అప్పుడు స్కూలుకు రెండే దారులు. డబ్బు కట్టాలి, లేదా తమ పరీక్ష సరైనదేనని నిరూపించుకోడానికి డ్యూ ప్రాసెస్ హియరింగ్‌కు (స్కూలుకూ తల్లిదండ్రులకూ మధ్య వివాదం తేల్చే విచారణకు) వెళ్లాలి. తెలుగులో అసలు పరీక్షించలేదన్నది మనం ఏకీభవించకపోవడానికి గట్టి కారణం. గడువులు దాటితే ఏడాది లోపు రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు పంపొచ్చు, 60 రోజుల్లో తేల్చాలి, లాయరు అక్కర్లేదు. ఫిర్యాదు రాయడానికి ప్రతి రాష్ట్రంలోనూ కేంద్ర నిధులతో నడిచే పేరెంట్ సెంటర్లు ఉచితంగా సాయం చేస్తాయి. న్యూజెర్సీలో స్పాన్, టెక్సస్‌లో పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్, శాన్ హోసేలో పేరెంట్స్ హెల్పింగ్ పేరెంట్స్ అలాంటివే.

ప్రాజెక్టు మారి వేరే రాష్ట్రానికి వెళ్తే పాత ఐఈపీ చిత్తుకాగితం అయిపోదు. కొత్త స్కూలు తన పరీక్షలు చేసుకుని కొత్తది రాసే వరకూ దానికి సమానమైన సేవలు ఇవ్వాలి. రికార్డులు స్కూళ్ల మధ్య నెమ్మదిగా కదులుతాయి. అందుకని చివరి ఐఈపీ, పరీక్షల రిపోర్టులు, ప్రోగ్రెస్ రిపోర్టులు సామాన్ల లారీలో వేయకుండా దగ్గరే పెట్టుకుని, చేర్పించే రోజే ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు అదే రోజు ఈమెయిల్ పంపండి.