మా ఫియట్ పాత యజమానుల కోసం వేట: నా అనుభవం

నిన్న చెన్నై నుంచి కాగితం వచ్చింది. మా ఫియట్ 1100 డి మొదటి రిజిస్ట్రేషన్ 1967లో, మద్రాసులో జరిగిందని అందులో స్పష్టంగా ఉంది. నా దగ్గరున్న ఆర్సీ (బండి రిజిస్ట్రేషన్) స్మార్ట్ కార్డులో మాత్రం 1979 అని ఉంటుంది. పాత బండ్లు ఉన్నవాళ్లకు పనికొస్తుందని, రవాణా ఆఫీసు మీద కోపం చల్లారకముందే రాస్తున్నాను.

ఆ తేడా ఎందుకంత ముఖ్యమంటే, 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు చేయని బండికే వింటేజ్ గుర్తింపు ఇస్తారు. కార్డులో తేదీని నమ్ముకుంటే నేను 2029 దాకా ఆగాలి. అసలు ఇది 1979 బండి కాదని కార్ల గురించి కాస్త తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. ఫియట్ కార్లను మన దేశంలో చేసిన ప్రీమియర్ కంపెనీ వాళ్లు ముంబై కుర్లా ఫ్యాక్టరీలో 1964 నుంచి 1100 డి తయారుచేశారు, 1972లో దాని పేరు ప్రెసిడెంట్ అయింది, 1974 నుంచి పద్మిని. నా బండి బానెట్ ఎత్తితే పలక మీద ఫియట్ 1100 డి అనే ఉంది. మరి 79 ఎక్కడిది? అది ఆంధ్రాకు వచ్చాక కొత్త నంబరు ఇచ్చిన సంవత్సరం. కార్డు చేసేటప్పుడు దాన్నే మొదటి తేదీగా ఎక్కించేశారు. పాత ఆర్సీ పుస్తకంలో అయితే ఎవరి నుంచి ఎవరికి మారిందో చేత్తో రాసి, ముద్ర వేసి ఉండేది. కార్డు ఇచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని వెనక్కి తీసేసుకున్నారు. ఫొటో అయినా తీసుకోకుండా ఎవరూ ఆ పుస్తకం వాళ్లకు ఇవ్వకండి.

బండ్ల వివరాలు చూపించే యాప్‌లో వెతికితే చుక్కలు పెట్టిన పేరు తప్ప ఏమీ రాలేదు. నాకు అమ్మినాయన తనకు ముందువాళ్లెవరో తెలియదన్నారు.

ఆధారం బండిలోనే దొరికింది. వెనక సీటు కుట్టించడానికి ఊడదీస్తే, కింద రబ్బరు మ్యాట్‌కు అతుక్కుపోయి ఒక చిన్న రసీదు. తిరుమల ఘాట్ రోడ్డు టోల్‌ది. తేదీ చెరిగిపోయింది గానీ, చేత్తో రాసిన బండి నంబరు మిగిలింది, ఎం అక్షరంతో మొదలయ్యే పాత మద్రాసు నంబరు. కుట్టుపని చేసే కుర్రాడు దాన్ని గోకి పారేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇక ఇక్కడి రవాణా ఆఫీసు సంగతి. ఊరి పేరు రాయను. నాకు కావలసింది బి రిజిస్టర్‌లో, అంటే ఆఫీసువాళ్లు బండ్ల వివరాలు రాసుకునే పుస్తకంలో, నా బండి వివరాల నకలు, అంతే. నా పేరున ఉన్న బండి, నా ఆధార్, నా కార్డు, పెన్సిల్‌తో రుద్ది తీసిన చాసిస్ నంబరు ప్రింటు, అన్నీ పట్టుకెళ్లాను. గుమస్తా అవేవీ చూడలేదు. "బండి నీదేనా? నీదైతే పాత ఓనర్లతో నీకేం పని? దొంగ బండి గానీ కొన్నావా?" అని గట్టిగా అడిగాడు. వెనకాల ఎల్లెల్లార్ (లెర్నర్ లైసెన్స్) కోసం వచ్చిన పిల్లలు వరసలో ఉన్నారు, ఏజెంట్లు నవ్వుతున్నారు. నాకు యాభై దాటాయి, ఏ ఆఫీసులోనూ నన్ను నువ్వు అని పిలిచినవాళ్లు లేరు. చెవులు వేడెక్కిపోయాయి. పోలీస్ స్టేషన్ నుంచి లెటర్ తెమ్మన్నాడు. అదేదో తెచ్చాక, ఆ రిజిస్టర్ చెదలు తినేసిందన్నాడు. చెదలు తిన్న రిజిస్టర్ కోసం పోలీస్ లెటర్ ఎందుకు అడిగినట్టు? బయటికి రాగానే ఒక ఏజెంటు వెంటపడి, ఇంత ఇస్తే రేపే తెచ్చిస్తానన్నాడు. అంటే చెదలు డబ్బు కట్టనివాళ్ల పేజీలే తింటాయన్నమాట! నేను ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే ఒకసారి ఇస్తే తర్వాత వచ్చే ప్రతివాడి దగ్గరా అదే రేటు అడుగుతారు.

పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేశాను. ఇతరుల వ్యక్తిగత సమాచారమంటూ 8(1)(జె) చూపించి తిరస్కరించారు. ఇక్కడే చాలామంది వదిలేస్తారు, మీరు వదలకండి. జవాబు వచ్చిన 30 రోజుల్లోపు అదే శాఖలోని పైఅధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు. దాచాల్సిన ముక్క దాచేసి మిగతాది ఇవ్వాలని అదే చట్టంలో సెక్షన్ 10 చెబుతుంది. నేను ఆ రెండు సెక్షన్లే రాసి, అడ్రసులు అక్కర్లేదు, తేదీలు, పాత నంబరు, పేర్లు చాలన్నాను.

విచారణ రోజు ఆ అధికారి రిజిస్టర్ తెప్పించమన్నారు. వచ్చింది! ఎర్ర గుడ్డలో కట్టిన పెద్ద పుస్తకం, అంచులు పెళుసెక్కాయి గానీ లోపల పేజీలు శుభ్రంగా ఉన్నాయి. నా నంబరు వరసలో, పాత నంబరు గడిలో, గోధుమ రంగుకు తిరిగిన సిరాతో సరిగ్గా రసీదు మీదున్న అక్షరాలే. చెదలన్న గుమస్తా పక్కనే నిలబడి ఉన్నాడు. అధికారి నా వైపు తిరిగి, "కూర్చోండి సార్" అన్నారు. సర్టిఫైడ్ కాపీ ఆ రోజే ఇచ్చారు.

తర్వాతంతా సాఫీగా జరిగింది. చెన్నైలో ఆ నంబరు, చాసిస్ ప్రింటు జత చేసి పెడితే అడిగిన కాగితం పంపారు. బండిని ఇటు తెచ్చింది ఒక పొగాకు వ్యాపారి. ఆయన కొడుకు ఇప్పటికీ అదే ఊళ్లో ఉన్నారు, మద్రాసు డాక్టరు గారి కారని ఆయనే చెప్పారు. ఫియట్ కోసం ఏళ్ల తరబడి వరసలో ఉండాల్సిన ఆ రోజుల్లో బుక్ చేసి తీసుకున్న మొదటి యజమాని ఆ డాక్టరు గారే. ఆ డాక్టరు గారి కూతురు ఫోన్లో దొరికారు. నేను నంబరు చెప్పగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "బాబూ, ఎడమవైపు వెనక తలుపు ఇంకా గట్టిగా వేస్తేనే పడుతుందా?" పడుతుందమ్మా, అలాగే పడుతుంది. పాత ఇన్సూరెన్స్ కాగితాలు వెతికి పంపిస్తానన్నారు.

కార్డులో తేదీ దిద్దమని సోమవారం అదే ఆఫీసులో దరఖాస్తు ఇస్తున్నాను. అది అయ్యాక వింటేజ్ కోసం పెడతాను. ఇప్పటికే నంబరు ఉన్న బండికి అదే నంబరు ఉంచుతారు, కొత్తగా వింటేజ్ బండ్లకిచ్చే వీఏ సిరీస్ నంబరు తీసుకోవాల్సిన పని లేదు. డాక్టరు గారికీ వ్యాపారికీ మధ్య మరో యజమాని ఉన్నారు, మద్రాసు వకీలు అని మాత్రమే తెలిసింది. డెబ్బైల్లో అక్కడ లేత నీలం ఫియట్ నడిపిన తెలుగు వకీలు గారు మీ బంధువుల్లో ఎవరైనా ఉంటే చెప్పండి.