ముల్లు ఎర్రగీతకు పోయింది, ఇంజన్ మాత్రం చల్లగా ఉంది

పొద్దున్నించి ఒకటే సలుపుతాంది, రాస్తే గానీ నిద్ర పట్టేట్టు లేదు. మళ్ళీ బండి సంగతే. ఐటీఐ సర్కిల్ దాటినాక స్పీడ్ బ్రేకర్ దిగినానో లేదో టెంపరేచర్ ముల్లు ఠక్కున ఎర్రగీతకు పోయింది, లైటు, బీప్, అన్నీ ఒకేసారి. పక్కకు తీసి ఆపేసినా. బానెట్ ఎత్తితే ఆవిరి లేదు, ట్యాంకులో కూలెంట్, అదే ఇంజన్ ను చల్లబరిచే నీళ్ళు, గీత దగ్గరే ఉంది, రేడియేటర్ పై గొట్టం చేత్తో పట్టుకునేంత గోరువెచ్చగా ఉంది. అన్ని లీటర్ల నీళ్ళు ఒక్క సెకండులో ఎట్ల కాగుతాయి?

షెడ్డు పిల్లోడు బానెట్ కూడా ఎత్తలేదు. "ఇంజన్ హెడ్ కింద సీలు, హెడ్ గ్యాస్కెట్, పోయింటాది మేడం, థర్మోస్టాట్, వాటర్ పంపు కూడా మార్చేద్దాం, సార్ నంబర్ ఇయ్యండి మాట్లాడతా" అంటాడు. సార్ నంబర్ ఎందుకు? బండి నాది, నడిపేది నేను, డబ్బులు కట్టేది నేను. వైర్లు చెక్ చేసే మీటర్ పెట్టి చూడు నాయనా అంటే మీటర్ ఎందుకు మేడం, మాకు తెలీదా అన్నాడు. అక్కడే కాలింది నాకు. వేలకు వేల సామాన్లు మార్చే ముందు టెంపరేచర్ సెన్సార్ ది ఒక్క సాకెట్ పీకి చూడడానికి ఏమొచ్చింది?

ముల్లుకు వేడి సంగతి చెప్పే ఆ సెన్సార్ లో పెద్ద మాయ లేదు. వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, తగ్గుతాది, చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర 2500 ఓమ్స్ చిల్లర ఉండేది 80కి వచ్చేసరికి 300 దగ్గరికి పడిపోతాది. అంటే సిగ్నల్ వైరు ఒలిచిపోయి ఇంజన్ బాడీకి తగిలితే రెసిస్టెన్స్ సున్నా, బండి అది విపరీతమైన వేడి అనుకుంటాది. వైరు తెగిపోతే మాత్రం చల్లగా ఉందనుకుంటాది. నేరుగా ఎలక్ట్రికల్ భాయ్ దగ్గరికి పోయినా. ఆయన సాకెట్ పీకినాడు, సెన్సారే చెడింటే అప్పుడు ముల్లు చల్లకు పడాల, అయినా దిగలే. ఇంగ సెన్సార్ ది తప్పు కాదు, వైరుదే అని వైర్ల కట్ట పట్టుకుని కొంచెం కొంచెం కదిలిస్తా పోయినాడు, ఒకచోట ముల్లు ఎగిరెగిరి పడింది. బ్రాకెట్ అంచుకు ఒరుసుకొని రాగి బయటపడింది.

ఈ దొంగ లైటు పీకించేద్దామా అని కూడా అనుకున్నా మధ్యాన్నం. ఇప్పుడు రాస్తాంటే చిన్నాయన అంబాసిడర్ గుర్తొచ్చి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. దాంట్లో ముల్లు ఎప్పుడూ చల్లగీత మీదే ఉండేది, వైరు ఎప్పుడో తెగింది, ఎవ్వరూ పట్టించుకోలే. ఎండాకాలం, బండినిండా జనం, రాయచోటికి పెండ్లికి పోతా గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కినామో లేదో బుస్సుమని తెల్లటి ఆవిరి, అద్దం కనపడలే. చిన్నాయన గుడ్డ చుట్టి రేడియేటర్ మూత తిప్పబోతే జేజి చెయ్యి పట్టి లాగేసింది, లేకుంటే మరిగే నీళ్ళు మొఖం మీదికే. మధ్యాన్నమంతా గోడ పక్కన నీడలో కూర్చున్నాం, లారీ వాళ్ళు నీళ్ళిచ్చినారు, చల్లారినాక పోసి ఇగ్నిషన్ తిప్పితే ఇంజన్ తిరగనే లేదు. వేడికి ఇంజన్ పైభాగం, అదే హెడ్, వంగిపోయింది. పెండ్లికి లారీలో పోయినాం, చిన్నాయన మాత్రం బండి దగ్గరే ఉండిపోయినాడు. ఆ బండిని తర్వాత ఆయన ఎంతకమ్మినాడో ఇంట్లో ఎవరికీ చెప్పలే.

కాబట్టి ఊరికే అరిచే లైటు కంటే అరవని ముల్లే నాకు భయం. నీళ్ళన్నీ కారిపోతే సెన్సార్ ఉత్త ఆవిరిలో ఉండి తక్కువ చూపించినా చూపిస్తాదంట, అదింకో భయం. ఆ పిల్లోడు హెడ్ అని భయపడడం వరకు తప్పనను, ఘాట్ కింద షెడ్డు కదా, అట్లాంటివి ఎన్ని చూసింటాడో. కొలవకుండా బిల్లు చెప్పినందుకు మాత్రం కోపం తగ్గలే. సార్ నంబర్ అడిగినందుకు అస్సలు తగ్గలే.

భాయ్ వైరు అతికి, స్లీవ్ తొడిగి, బ్రాకెట్ కు తగలకుండా క్లిప్పు కట్టినాడు. ఆదివారం రాయచోటికి పోతాండాం. ఘాట్ మీద ఏసీ ఆపేసి ముల్లు చూసుకుంటా పోతా, వచ్చేటప్పుడు అమ్మకు గువ్వలచెరువు పాలకోవా తేవాల.